స్వామి పాదమే తాళము



పెద్దకడుబూరు ప్రాంతమున భజనమందిరములో మృదంగము వాయించు యువకుడొకడు మొన్న నన్నొక ప్రశ్న యడిగెను. ఉత్సవమునకై అతడొక తనియావర్తనమును కూర్చుకొనుచున్నాడు. అందు మృదంగపు జతులతోపాటు సన్నాయి మేళపు డోలు నడకను, జాతరలోని డప్పు దరువును కలుపవలెనని వాని కోరిక. "స్వామి ముందర డప్పు దరువేమిటని పెద్దలు కొందరు కోప్పడుచున్నారండీ. అపచారమగునా?" అనెను.

శ్రీమద్భాగవత దశమస్కంధమున కాళియమర్దన ఘట్టమును స్మరింపుడు. బాలకృష్ణుడు పడగలపై నర్తింపబూనగనే గంధర్వ సిద్ధ చారణులు ప్రీతితో మృదంగ పణవ ఆనకములను మ్రోగించిరి. మూడును వేర్వేరు వాద్యములు. ఆ పణవానకములే కురుక్షేత్రమునను మ్రోగినవి; ఆ ధ్వని తుములమైనదని గీత మొదటి అధ్యాయమున సంజయుడు చెప్పెను. అచ్చట అన్నియు ఒక్కుమ్మడి మ్రోగినవేగాని ఒక అడుగును అనుసరించి కాదు. ఇచ్చటనో, స్వామి పాదమే తాళమైనది.

ఇట్టి కలయిక మన సీమకు క్రొత్తయు గాదు. కర్నూలు జిల్లా చిప్పగిరిలో 1755లో హరిపదము చేరిన విజయదాసులవారు ఎన్నో సుళాదులు రచించిరి. సుళాదిలో భాగము భాగమునకు తాళము మారును. అయినను హరిగుణకీర్తనము ఒక్కటే దారముగా నడచుటచే వినువారికి అది అతుకుల బొంతగా తోపదు. తాళశాస్త్రమునను, క్రియకు మూడక్షరములైన తిస్రము, నాలుగైన చతురశ్రము, ఐదైన ఖండము, ఏడైన మిశ్రము, తొమ్మిదైన సంకీర్ణము. సంకీర్ణమనగా కలగలుపనియే అర్థము! పేరు పెట్టుటలో పూర్వులెంత సరసులో.

డప్పు నిప్పుసెగకు కాగి పలుకును. మృదంగపు ఎడమ మూత తడిపిన రవ్వముద్దతో పలుకును. రెంటిపైనను ఉన్నది చర్మమే. ఆ చర్మమును బిగించిన చేతులను మనము ఆలయపు వాకిట ఎన్నడైన తలచితిమా? స్వామి యాజ్ఞచే లోకసారంగమహాముని తిరుప్పాణాళ్వారులను తన భుజములపై మోసి శ్రీరంగనాథుని సన్నిధికి చేర్చెను. ఆళ్వారులను మోసిన సంప్రదాయమునకు ఒక దరువు బరువగునా?

అపచారము కాదు నాయనా, అంటిని. అయితే వాని రచన వినగా ఒక లోపము తోచినది. మృదంగమునకు ఇరువదినాలుగు ఆవర్తములు, డోలునకు ఎనిమిది, డప్పునకు రెండే! అవియు చప్పట్లకై నడుమ దూర్చినట్లుండెను. డప్పునకును ఎనిమిది ఇమ్మంటిని. తిస్రమున నెమ్మదిగా మొదలిడి, ఆ దెబ్బలనే తీసికొని తుది ముక్తాయి కట్టి, మూడుమారులు వాయించి పల్లవి ఎత్తుగడపై దిగుమంటిని. ఇప్పుడు వాడు సాయంకాలములందు డప్పు వాయించువారి యొద్ద కూర్చుండి, కుడిచేతి సిర్రకును ఎడమచేతి పుల్లకును గల మాటలను ఒక్కొక్కటిగా నేర్చుకొనుచున్నాడు.