గురువు, తండ్రి, సైక్లాప్స్
1963లో స్టాన్ లీ, జాక్ కిర్బీ సృష్టించిన ఎక్స్-మెన్ కామిక్స్‌లో వీరుల స్థావరం ఒక బడి. అనాథాశ్రమంలో పెరిగిన స్కాట్ సమ్మర్స్, అంటే సైక్లాప్స్‌కు, అక్కడి గురువు ప్రొఫెసర్ జేవియరే తండ్రి అయ్యాడు. పిల్లలకు ఆశ్రయమిచ్చిన ఆ గురువే వాళ్లను పోరాటానికీ పంపాడు. ఇది తేలిగ్గా క్షమించదగినది కాదు. స్కాట్‌కు కర్తవ్యం అబ్బింది గానీ, సంసారం నిలుపుకోవడం అబ్బలేదు. 1986లో మొదలైన ఎక్స్-ఫ్యాక్టర్ కామిక్స్‌లో, చనిపోయిందనుకున్న పాత ప్రేయసి జీన్ గ్రే బతికే ఉందని తెలియగానే భార్య మాడెలిన్‌నూ పసివాడినీ వదిలి వెళ్లాడు. తర్వాత ఆ బిడ్డ నేథన్‌కు ప్రాణాంతక వైరస్ సోకితే, బతికించుకోవడానికి భవిష్యత్ కాలానికి పంపక తప్పలేదు. అక్కడ పెరిగిన నేథన్, కేబుల్ పేరుతో, తండ్రికంటే పెద్ద వయసులో వర్తమానానికి వచ్చాడు. తర్వాతి తరం యువవీరులకు గురువై, వాళ్లతో ఎక్స్-ఫోర్స్ దళాన్ని నడిపాడు.