సర్దుబాటు

సర్దడం మన ఆడవాళ్ళకి ఉగ్గుపాలతో అబ్బిన విద్య. వేళకాని వేళ చుట్టం దిగితే చారులో ఇంకో గ్లాసుడు నీళ్ళు పోస్తాం. నెలాఖరున జమాఖర్చుల్లో నలభై రూపాయలు తేలకపోతే "చిల్లర ఖర్చు" అని రాసి గీత గీసేస్తాం. ఇందులో తప్పేముందీ అని మొన్నటిదాకా నేనూ అనుకున్నాను.

మాది కొత్తవలస. కిరండూల్ లైను చీలే జంక్షను. వేసవి సెలవుల్లో మా అమ్మాయి రోజూ పాసింజరెక్కి విశాఖపట్నం, ఆంధ్రా యూనివర్సిటీ కెమిస్ట్రీ లేబొరేటరీకి వెళ్ళొచ్చేది. పనల్లా మా ఊరి నూతుల నీళ్ళ కాఠిన్యం కొలవడం. నీళ్ళలో ఓ రంగుమందు వేస్తే ద్రాక్ష ఎరుపు వస్తుందిట. బ్యూరెట్లోంచి ఇ.డి.టి.ఎ. ద్రావణం చుక్కచుక్కా వదులుతుంటే, ఒక చుక్క దగ్గర నీలం తిరుగుతుంది. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసుకోవాలి.

ఓ రాత్రి పుస్తకం ముందేసుకుని దిగులుగా కూర్చుంది. మా పెరటి నూతి నీళ్ళకి రెండుసార్లు ఒకే అంకె, మూడోసారి వేరే అంకె వచ్చాయిట.

"ఆ మూడోది తీసి పారెయ్యవే. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"నేను చూశానుగా అమ్మా!" అంది.

మర్నాడు సీసాడు నీళ్ళు పట్టుకుని మళ్ళీ బండెక్కింది. మరో ఐదుసార్లు చేస్తే, అన్నీ మొదటి అంకెకే వచ్చాయి. అయినా ఆ మూడోదాన్ని చెరపలేదు. పక్కన "కారణం తెలియలేదు" అని రాసింది.

చాదస్తం అనబోయాను. లార్డ్ రేలీ కథ చెప్పింది. 1892లో ఆయన తూచి చూస్తే, గాలిలోంచి తీసిన నత్రజని, అమ్మోనియా నుంచి తీసినదానికన్నా రవ్వంత బరువు తూగింది. తూకంలో పొరపాటులే అని ఆయన సర్దుకోలేదు. ఆ తేడాని పట్టుకు వెతికితే, రామ్సేతో కలిసి 1894లో ఆర్గాన్ బయటపెట్టారు. మనం పీల్చే గాలిలో నూటికి ఇంచుమించు ఒక పాలు అదే!

ఆలోచించాను. మనుషులతో సర్దుకుపోవడం వేరు, నిజంతో సర్దుకుపోవడం వేరు. చారు పల్చనైందని చుట్టానికీ తెలుసు, మనకీ తెలుసు. అందులో మోసం లేదు. మరి నా "చిల్లర ఖర్చు" ఎవరిని మోసం చేసింది? నన్నే. వెతికే పని తప్పించుకోడానికి తెలిసినట్టు రాశాను. అందరికీ ఆర్గాన్ దొరకదు, మా అమ్మాయికీ దొరకలేదు. కానీ తెలియనిదాన్ని తెలియదని రాయడానికి కూడా ధైర్యం కావాలి.

ఈ నెలాఖరున నలభై రెండు రూపాయలు తేడా వచ్చింది. "లెక్క తేలలేదు" అని రాశాను.

మావారు చూసి, "ఇన్నాళ్ళూ తేలిందా ఏమిటి?" అన్నారు.