అంకెలు చెప్పేది, చెప్పలేనిది



బీపీ ఎంత, షుగరు ఎంత, బరువు ఎంత అని అడగని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. ఇది మంచి అలవాటే. రక్తపోటు చాలామందిలో ఏ బాధా తెలియనీయకుండా పెరిగి గుండెను, మెదడును, మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది. కొలిపించుకుంటేనే సంగతి బయటపడుతుంది. “ప్రార్థన చేసుకుంటున్నాం, ఇక పరీక్షలెందుకు?” అనేవారు సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథము 38వ అధ్యాయం చదవాలి. వైద్యుణ్ణి గౌరవించాలనీ, మందులు దేవుడు భూమినుండి ఇచ్చినవేననీ, జబ్బు చేసినపుడు ప్రార్థనా వైద్యమూ రెండూ కావాలనీ ఆ గ్రంథం బోధిస్తుంది.

అయితే ప్రతి కొలతకూ ఒక హద్దు ఉంది. ఆసుపత్రిలో అడుగు పెట్టగానే భయంతో కొందరికి రక్తపోటు పెరుగుతుంది. అందుకే అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చుని, చేయి గుండె ఎత్తులో ఉంచి కొలిపించుకోవాలి. ఒక్కసారి చూసిన అంకెతో బెదిరిపోకుండా వేరే రోజుల్లో మళ్లీ చూపించుకోవాలి. షుగరు మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎంతో ఉపయోగకరం. కాని రక్తహీనత ఉన్నవారిలో అది ఉన్నదున్నట్లు చెప్పకపోవచ్చు. ఆ సంగతి డాక్టరుగారికి ముందే చెప్పాలి.

బీఎంఐ సంగతి చూడండి. కిలోల్లోని బరువును, మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే ఆ అంకె వస్తుంది. 19వ శతాబ్దంలో బెల్జియం దేశపు గణిత పండితుడు కెట్లే జనసమూహాలను పరిశీలిస్తూ ఈ లెక్క కనిపెట్టాడు. ఒక్కొక్కరి జబ్బు తేల్చడానికి పుట్టిన లెక్క కాదది. ఒంట్లో కండ ఎంతో కొవ్వు ఎంతో అది చెప్పదు. 25 దాటితే అధిక బరువని సాధారణంగా అంటారు. ఆసియావాసులు 23 నుండే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. మనవారికి తక్కువ బరువులోనే మధుమేహం వస్తున్నది. కనుక “సన్నగా ఉన్నాను, నాకేం?” అని ధీమా పడరాదు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి.

ఇంతవరకు శరీరం మాట. దూరాన ఉన్న కొడుకు ఫోనులో “అమ్మా, షుగరు ఎంతుంది?” అంటాడు. తల్లి అంకె చెబుతుంది. “అయితే బాగానే ఉన్నావు” అని ఫోను పెట్టేస్తాడు. భర్త పోయినప్పటినుండి ఆమె ఒంటరిగా కూర్చుని అన్నం తినలేకపోతున్నది. మోకాళ్ల నొప్పులతో పూజకు రాలేకపోతున్నది. ఇవి ఏ కాగితంలోనూ లేవు. ఆరోగ్యమంటే రోగం లేకపోవడమే కాదనీ, శరీరం, మనస్సు, సాంఘిక జీవితం మూడూ బాగుండడమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1946లోనే తన నిబంధనావళిలో రాసుకున్నది.

యోహాను సువార్త 5వ అధ్యాయంలో, యెరూషలేములోని కోనేటి దగ్గర పడి ఉన్న రోగిని గుర్తు చేసుకోండి. అతని జబ్బుకు 38 ఏండ్లని సువార్తికుడు లెక్క రాశాడు. స్వస్థత పొంద కోరుచున్నావా అని ప్రభువు అడిగినపుడు అతడు ఏండ్ల లెక్క చెప్పలేదు. నీళ్లు కదిలినపుడు తనను కోనేటిలోకి దించే మనిషే లేడని మొరపెట్టుకున్నాడు. ప్రభువు ఆ మొర విన్నాడు, అతణ్ణి లేపి నడిపించాడు.

మంచం పట్టిన పెద్దల్లో కొందరికి ఏ పరీక్షలోనూ మంచి అంకె రాదు. అయినా జపమాల చేతబట్టి మన బిడ్డలకోసం ప్రార్థించేది వారే. వారి విలువ దేవుని దృష్టిలో ఒక్క వీసమెత్తు తగ్గదు. అటువంటి వారికోసమే పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినాన్ని ఏర్పరచారు. 1993 నుండి ఏటా ఫిబ్రవరి 11న, లూర్దుమాత పండుగనాడు, శ్రీసభ దానిని పాటిస్తున్నది.

కాబట్టి ఈ వారం మీ ఇంటి పెద్దలకు బీపీ, షుగరు తప్పక చూపించండి. అంకె రాసుకున్న తరువాత లేచి వెళ్లిపోక, మరో పది నిమిషాలు వారి దగ్గర కూర్చోండి. రాత్రి నిద్ర పట్టిందా, ఎవరైనా పలకరించారా అని అడగండి. గుడికి రాలేనివారి పేరు మీ విచారణ గురువుకు చెప్పి, దివ్యసత్ప్రసాదం ఇంటికే అందేలా చూడండి. ప్రభువు మిమ్మును, మీ కుటుంబాలను ఆశీర్వదించునుగాక.