రెండో నొక్కు

వనపర్తిలో ఒక యువకుడికి పాత మోటారుసైకిలు ఉండేది. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర. నాగర్‌కర్నూల్, అచ్చంపేట, మన్ననూరు మీదుగా అక్కడికి పోయి, లింగమయ్యను చూసుకుని, అటునుంచి అటే శ్రీశైలం దిగాలని అతని కోరిక. గద్వాలలో మగ్గం నేసే మేనమామ వెనక కూర్చుని వస్తానన్నాడు.

ముందురోజు సాయంత్రం ఇంటిముందే ముందుచక్రం బ్రేక్ ఆయిల్ మార్చడానికి కూర్చున్నారు. పైడబ్బాలో ఆయిల్ నల్లబడి ఉంది. అల్లుడు క్యాలిపర్ నిపుల్‌కు సన్నపైపు తొడిగి, దాని కొసను సీసాలో కాస్త పోసిన కొత్త ఆయిల్‌లో ముంచాడు. మామ లివర్ నొక్కి పట్టుకున్నాడు. అల్లుడు రింగ్ పానాతో నిపుల్ కొద్దిగా వదులు చేయగానే నల్లటి ఆయిల్, వెంట బుడగలు. నిపుల్ బిగించాకే మామ లివర్ వదిలాడు. ఆ వరస తప్పితే పోయిన గాలి మళ్లీ లోపలికే వస్తుంది.

అంతా బాగానే సాగేది. కానీ అల్లుడికి తొందర. పైడబ్బాలో ఆయిల్ కిందిగీత దాటి దిగిపోయినా చూసుకోలేదు. లైను పైనుంచి గాలి పీల్చింది. మళ్లీ పోసి, మరికాసేపు తీసి, లివర్ నొక్కి చూశాడు. మొదటిసారి మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చింది. వెంటనే రెండోసారి నొక్కితే గట్టిగా నిలబడింది.

"అయిపోయింది మామా. రెండుసార్లు కొడితే గట్టిగనే పడుతున్నది."

"మొదటిసారికి ఎందుకు పడ్తలేదు?"

"జర్రంత ఎయిర్ ఉంటది. ఏం గాదు, పోతుంటే అదే సర్దుకుంటది."

"మగ్గం మీద పోగు తెగితే అప్పుడే అతుకుతం, అల్లుడా. మూరెడు నేసినంక అతుకుదామంటే నేసిందంతా ఇప్పాలె. డోమలపెంట దాటినంక డ్యాం దిక్కు దిగేటప్పుడు రెండోసారి నొక్కేదాంక ఎదురుగ వచ్చే బండి ఆగుతదా?"

మామ మెకానిక్ కాడు, అయినా అడగవలసిన ప్రశ్నే అడిగాడు. ఆయిల్ నొక్కుకు కుదించుకోదు. చేతి బలాన్ని ఉన్నదున్నట్టు ప్యాడ్లకు చేరుస్తుంది. గాలి కుదించుకుంటుంది. మొదటి నొక్కంతా ఆ గాలిని అణచడానికే ఖర్చయిపోతుంది. నీళ్లది మరో ప్రమాదం. మన బళ్లలో వాడే బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఘాట్ దిగుడులో బ్రేకు మీదే చెయ్యి ఉంచితే డిస్కు వేడి ఆయిల్‌కు పాకుతుంది, ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ఆవిరి కూడా గాలిలాగే కుదించుకుంటుంది. అప్పుడు ఎన్నిసార్లు కొట్టినా లివర్ గట్టిపడకపోవచ్చు.

అల్లుడు మాట్లాడకుండా మళ్లీ కూర్చున్నాడు. ఈసారి డబ్బా ఖాళీ కానివ్వలేదు. పైపు మీద, క్యాలిపర్ మీద పానా పిడితో మెల్లగా తడుతూ, బుడగ రాని దాకా తీశాడు. ట్యాంకు మీద చిందిన చుక్కలు పెయింటును తినేయకుండా వెంటనే నీళ్లతో కడిగాడు. రాత్రి లివర్‌ను తాడుతో బిగించి కట్టి పడుకున్నారు. తెల్లారి మరోసారి తీసి చూస్తే, మొదటి నొక్కుకే లివర్ గట్టిగా నిలబడింది. ప్రయాణం ఒక పూట ఆలస్యమైంది.

జాతర చూసుకుని శ్రీశైలం వైపు దిగుతుండగా, మలుపు తిరగగానే రోడ్డుకు అడ్డంగా ఆగిన బస్సు. అల్లుడు ఒక్కసారే నొక్కాడు. రెండోసారికి వ్యవధి లేదు, అవసరమూ పడలేదు.

నీతి: ఆపదలో మొదటి పిలుపుకు పలకనిది తర్వాత ఎంత గట్టిగా పలికినా అక్కరకు రాదు. లోపం కనిపించాక "ఏం గాదు" అనడం ఆ లోపం కన్నా పెద్ద ప్రమాదం.

బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఒక మనవి. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చండి. డబ్బా మూత మీద రాసిన రకమే, సీలు తీయని సీసాలోదే పోయండి. ఏబీఎస్ ఉన్న బండి అయితే, పని తెలిసిన మెకానిక్ చేతికే ఇవ్వండి. ఇంట్లో మీరే చేసుకుంటే, మొదటి నొక్కుకు లివర్ నిలబడేదాకా బండిని రోడ్డెక్కించకండి.