సమత్వపు గీత

అందరిని ఒకే గీతపై నిలుపుట సమత్వమగునా? పాఠశాల మైదానమున సున్నపుగీతలు గీచువాని యెదుట నిత్యము నిలుచు ధర్మసందేహమిది. పూర్తిచుట్టు పరుగుపందెమున వెలుపలి బాటలోని బాలునకు దూరము పెరుగును. కావున బాట వెడల్పు 1.22 మీటర్లైనచో, బాటబాటకు 7.67 మీటర్ల చొప్పున ముందునకు జరిపి నిలుపుదురు. మైదానము పెద్దదైనను చిన్నదైనను ఈ కొలత మారదు. చూచువానికిది పక్షపాతమువలె తోచును. కొలిచినవానికి న్యాయమని తెలియును.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలకూల్చినది. తోట కోల్పోయిన యింటి బిడ్డను, కోల్పోని యింటి బిడ్డను ఒకే గీతపై నిలిపి సమానులనుట కొలత యెరుగని మాట. అయినను కొలతకు మించి జానెడు జరిపినను అన్యాయమే. దయ పేరిట కొలత తప్పరాదు; కొలత పేరిట దయ మరువరాదు.

తీరప్రాంతములందు ఇసుకనేలపై గీచిన గీత గాలికి చెదరును. మరల కొలిచి గీయవలెను. గీచినవాని పేరు ఎవరును తలపరు. గెలిచినవాడును, ఓడినవాడును ఆ గీతను శంకింపకున్నచో అతని కాయకము సఫలము. బయలుదేరు గీతలు వేరైనను, చేరవలసిన గీత అందరికి ఒక్కటే.