లేదని చెప్పే అధికారం

ఉద్దానంలోని కవిటి వైపు ఊళ్లలో ఇంటి బయటి కరెంటు గురించి రెండు మాటలు వినబడుతుంటాయి. నూతి దగ్గర మోటారు మీద చెయ్యి వేస్తే జివ్వుమంటే, "ఏమీ లేదులే, వానకు తడిసింది, ఆరితే అదే పోతుంది" అంటారు. అదే మోటారు దగ్గర ఒక ప్రాణం పోతే, "ఆయుష్షు అంతవరకే రాసిపెట్టి ఉంది" అంటారు. మొదటిది ధైర్యం చెప్పే మాట, రెండోది ఓదార్చే మాట. పైకి వీటికి పొత్తు లేనట్టే ఉంటుంది గానీ, రెండూ ఒకే జాతి తీర్పులు. మొదటిది ప్రమాదం లేదంటోంది. రెండోది చూడదగ్గ కారణం లేదంటోంది. ఒకటి లేదని చెప్పే అధికారం మనిషికి ఎప్పుడు వస్తుందన్నది మన దర్శనాలు వందల ఏళ్లు వాదించుకున్న ప్రశ్న. ఆ వాదంలో నిలిచిన నియమాన్ని పెరట్లో వేలాడే వైరు దగ్గర పెట్టి చూస్తే, వెతకకుండా విధి పేరెత్తడం భక్తి అనిపించుకోదు. అది తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడమే.

లేకపోవడాన్ని మనం ఎలా తెలుసుకుంటాం? భాట్ట మీమాంసకులు, అద్వైతులు దీనికి అనుపలబ్ధి అనే వేరే ప్రమాణం ఉందన్నారు. నైయాయికులు ఒప్పుకోలేదు, అభావం కూడా ప్రత్యక్షంతోనే తెలుస్తుందన్నారు. ఇంత పంతం మధ్య కూడా ఒక షరతు ఇరుపక్షాలకూ సమ్మతమైంది. వస్తువు అక్కడ ఉంటే తప్పక కనబడేదై ఉండాలి, అప్పుడే కనబడకపోవడం లేకపోవడానికి రుజువు. వెలుతురున్న గదిలో నేల మీద కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే ఏమీ తేలలేదు. పిశాచంలాంటిదైతే ఎంత వెలుతురున్నా తేలదు, ఎందుకంటే అది అసలు చూపుకు అందే వస్తువు కాదు. విద్యుత్తుది ఈ మూడో కోవ. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంద్రియాల్లో దాన్ని నేరుగా పట్టేది స్పర్శ ఒక్కటే, ఆ స్పర్శే ప్రాణం తీస్తుంది. కాబట్టి కరెంటు విషయంలో "చూశాను, ఏమీ లేదు" అనే మాటకు ప్రమాణబలం లేదు. చూపు స్థానంలో పరికరాన్నీ పరీక్షనూ నిలబెట్టిన తర్వాతే ఆ మాట చెల్లుతుంది.

పరికరాన్ని కూడా దాని యోగ్యత ఎంతో తెలుసుకునే నమ్మాలి. గేటు దగ్గర బల్బు ఆరితే అక్కడ కరెంటు లేదనుకుంటాం. స్విచ్చిని ఫేజుకు బదులు న్యూట్రల్‌లో కలిపిన ఇంట్లో బల్బు ఆరినా హోల్డరులో 230 వోల్టులు అలాగే ఉంటాయి. టెస్టరు వెలగలేదు గనుక పర్వాలేదనుకుంటాం. మిట్టమధ్యాహ్నం ఎండలో అందులోని చిన్న వెలుగు కంటికి ఆనదు. అన్నిటికంటే పెద్ద భ్రమ, కరెంటు హద్దు మీరితే దానంతటదే పడిపోయే ఎంసీబీ స్విచ్చిది. అది పడిపోలేదంటే అంతా బాగున్నట్టే అనుకుంటాం. ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టులకు ఒంట్లోంచి పారేది ఆంపియర్లో నాలుగో వంతు కూడా ఉండదు. గుండె లయ తప్పడానికి అది చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం అది లెక్కలోకే రాదు. ఎర్తు ఉంది కదా అంటే, ఉద్దానం ఇసుక నేలలో వేసవికి ఎర్తు గొయ్యి ఎండిపోతుంది. ఎర్తు నిరోధం 50 ఓమ్‌లకు చేరిందంటే, మోటారు ఒంటికి ఫేజు తగిలినా పారేది 4.6 ఆంపియర్లే. ఎంసీబీ కదలదు, మోటారు ఒళ్లు కరెంటుతో నిండి ఉంటుంది. ఈ లోటు తీర్చడానికే ఆర్‌సీసీబీ వచ్చింది. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని అది సరిచూస్తుంది. తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే, లేదా చేరగానే, రెప్పపాటులో సరఫరా తెంచుతుంది. ఇంటికి అలాంటిది ఉంటే, దాని మీద ఉన్న పరీక్ష బొత్తాన్ని అప్పుడప్పుడు నొక్కి చూస్తుంటే, అప్పుడు అది పడకపోవడానికి కొంత అర్థం ఉంటుంది.

ఈ ప్రాంతంలో ఇంటి బయటి వైరుకు ముప్పు ఎందుకు ఎక్కువో కూడా చెప్పాలి. సముద్రపు గాలి తెచ్చే ఉప్పు స్విచ్చి పెట్టెల్లో, జాయింట్ల మీద పొరగా పేరుకుంటుంది. ఆ పొర గాలిలోని తేమను పీల్చుకుని తానే కరెంటుకు దారి అవుతుంది. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు సాధారణంగా అల్యూమినియం, ఇంట్లోది రాగి. రెంటినీ చేత్తో మెలిపెట్టి టేపు చుడితే, ఉప్పు తేమలో ఆ జాయింటు తినేసుకుపోతుంది, వేడెక్కుతుంది. ఇళ్లు కొబ్బరి తోటల మధ్య ఉంటాయి గనుక మట్టలు గాలికి ఊగి వైరు తొడుగును రాస్తూనే ఉంటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలులతో పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లూ కరెంటు స్తంభాలూ కలిసి కూలాయి. అంతకు అయిదేళ్ల ముందు ఫైలిన్ తుఫాను ఇదే తీరాన్ని వణికించింది. అలాంటి రాత్రుల తర్వాత దొరికిన ముక్కలతో దొరికినట్టు కలుపుకున్న వైరును ఎవరూ తప్పుపట్టలేరు. చీకట్లో బతకలేక చేసుకున్న ఏర్పాటది. తుఫాను మన చేతిలో లేదన్న మాట నిజమే. కానీ ఆ ఏర్పాటు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడానికి తుఫాను కారణం కాదు.

వెతకడానికి పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. ఉంటే ఉండటం, లేకపోతే లేకపోవడం అనే అన్వయ వ్యతిరేకాలతో కారణాన్ని నిర్ణయించమని తర్కశాస్త్రం చెబుతుంది. ఆ శాస్త్రాన్ని పిల్లలకు సైతం అందేలా తర్కసంగ్రహంగా కుదించిన అన్నంభట్టు తెలుగువాడే. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందని చెప్పకూడదు, పచ్చి కట్టె తోడైతేనే పొగ వస్తుందని ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. ఇలా చాటున ఉండి పని జరిపించే షరతును ఉపాధి అన్నారు. వాన పడినప్పుడే పడిపోయే ఆర్‌సీసీబీ దగ్గర తడే ఆ ఉపాధి. ఎండ కాసిన రోజున చూసి తప్పు లేదని తేల్చేవాడు ఉపాధిని వదిలేసి తీర్పు చెబుతున్నాడు. వరస ఇలా ఉండాలి: మెయిన్ ఆపి, బయటి లైన్లన్నీ విడదీసి, గేటు లైటు, నూతి మోటారు, పశువుల సాల, పెరటి దీపం ఒక్కొక్కటే కలిపి, ప్రతిసారీ మెయిన్ వేసి చూస్తూ, తర్వాతది కలిపే ముందు మళ్లీ ఆపుతూ పోవాలి. ఏది కలిపితే ఆర్‌సీసీబీ పడిందో, దాన్ని తీస్తే నిలిచిందో, ఆ లైనులోనే తప్పుంది. ఇక్కడ చాలామంది తప్పుదారి పట్టే చోటు ఒకటుంది. మామూలు ఎంసీబీ ఆపితే తెగేది ఫేజు ఒక్కటే. న్యూట్రల్ ఎక్కడో తడి గోడకు తగిలి ఉంటే, అన్నీ ఆపినా ఆర్‌సీసీబీ పడుతూనే ఉండొచ్చు. అప్పుడు "అన్నీ ఆపి చూశాం, ఏ లైనులోనూ లేదు, పరికరమే పాడైంది" అని దాన్నే తీసి పారేస్తారు. న్యూట్రల్‌ను కూడా విడదీసి చూడనంతవరకు ఆ "లేదు" చీకటి గదిలో కుండ లేదనడం లాంటిదే. ఈ పని చేయవలసింది లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్, చేతిలో ఇన్సులేషన్ మీటరుతో. ఇంటివాడి వంతు అతన్ని పిలవడం, వానకూ షాకుకూ ఉన్న పొత్తును దాచకుండా చెప్పడం. మీటరుకు అవతల స్తంభం వైపు ఉన్నదాన్ని ఎవరూ ముట్టకూడదు, దానికి 1912కు ఫోను చేయాలి.

కర్మను నమ్మేవారు దీనికి గట్టి జవాబే ఇస్తారు. వైరు తెగి ఉందని మేం కాదనడం లేదు, ఆ క్షణాన ఆ మనిషే అక్కడికి ఎందుకు వెళ్లాడు, దానికి మీ మీటరు ఏం చెబుతుంది అంటారు. తేలిగ్గా తీసేయదగ్గ ప్రశ్న కాదిది. మీటరు దానికి జవాబు చెప్పదు. కానీ శాస్త్రమే అదృష్టాన్ని, అంటే పూర్వకర్మల కనబడని ఫలాన్ని, ఎక్కడ కూర్చోబెట్టిందో చూడాలి. న్యాయ దర్శనం దాన్ని కాలం, దిక్కు, ఈశ్వరుడితో పాటు సాధారణ కారణాల్లో చేర్చింది. అంటే పుట్టే ప్రతి కార్యానికీ అది కారణమే. బల్బు వెలగడానికీ అదే, మోటారు నీళ్లు తోడటానికీ అదే, షాకు కొట్టడానికీ అదే. అన్నిటికీ సమానంగా కారణమైనది ఒకదాన్ని మరొకదాని నుంచి వేరు చేసి చూపలేదు. ఇక్కడ షాకు ఎందుకొచ్చిందో చెప్పాలంటే అసాధారణ కారణం కావాలి, అది చిట్లిన తొడుగులోనో ఎండిన ఎర్తు గొయ్యిలోనో ఉంది. గీత పద్దెనిమిదో అధ్యాయం కూడా ప్రతి కర్మకూ అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం అని ఐదు కారణాలు చెప్పింది. దైవం ఐదోది. వరసను బట్టి పెద్ద వాదన కట్టనక్కర్లేదు గానీ, ఐదోది ఉన్నందువల్ల తక్కిన నాలుగూ రద్దు కావన్నది మాత్రం స్పష్టం. కర్మను పూర్తిగా ఒప్పుకున్నవాడు కూడా జాయింటును పరీక్షించవలసిందే.

వెతికినా కారణం దొరకని బాధ ఎలా ఉంటుందో ఉద్దానానికి వేరే చెప్పాలా? ఇక్కడి మూత్రపిండాల జబ్బుకు నీళ్లను, మట్టిని, ఎండలో శ్రమను, ఇంకా ఎన్నిటినో ఏళ్ల తరబడి పరిశోధకులు పరీక్షించారు. అందరూ ఒప్పుకునే ఒక్క కారణం ఇంకా తేలలేదు. అయినా ఈ ప్రాంతం దాన్ని తలరాతకు వదిలేయలేదు. మంచి నీరు కావాలంది, ఆసుపత్రి కావాలంది. హిరమండలం జలాశయం నుంచి నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అంత వెతికాక కూడా తెలియలేదంటే, ఆ తెలియలేదనడానికి గౌరవం ఉంది. ఒక పూటలో తేలిపోయే పెరటి వైరు విషయంలో, ఆ పూట కూడా వెచ్చించకుండా విధి అనడానికి ఆ గౌరవం ఎక్కడిది? అలా అనేవారు చెడ్డవారు కారు. ఇంటి మగవాళ్లు వలస పోయి, ముసలి తల్లిదండ్రులు మిగిలిన ఇళ్లలో వైరు గురించి ఆలోచించేవారే ఉండరు. డబ్బు కూడా అడ్డే. అయితే మెయిన్ ఆపడానికి, జివ్వుమన్న మోటారును పరీక్షించేదాకా ముట్టకపోవడానికి డబ్బు అక్కర్లేదు.

ఆఖరి అభ్యంతరం నాకు అన్నిటికంటే బరువుగా తోస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర ఎర్తు నిరోధం గురించి మాట్లాడటం క్రూరత్వం కాదా? అవును, క్రూరత్వమే. ఆమెకు ఆయుష్షు మాటే చెప్పాలి, ఆమె నిలదొక్కుకోవడానికి అది అవసరం. కానీ ఆ మాట ఆమె కోసం. ఆ పెరట్లో రేపు బట్టలు ఆరేయబోయే కోడలికి, నూతి గట్టు మీద ఆడుకునే పిల్లలకు అది ఏ రక్షణా ఇవ్వదు. కాబట్టి పరామర్శకు వెళ్లే పెద్దలకు, పురోహితులకు, ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. గడపలోకి అడుగుపెట్టే ముందే మెయిన్ ఆపారా అని అడగండి. లోపల ఓదార్పు మాటలు జరుగుతుండగానే ఊళ్లో ఒకరిని పంపి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. అతను లైను తడిపి, కొలిచి, బాగుచేసి చెప్పేదాకా ఆ ఇంటికి కరెంటు ఇవ్వనీయకండి.