ప్రేమ పల్లమెరుగు

నీరు పల్లమెరుగు అని మన సామెత. ప్రేమా అంతే. తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు దిగినంత సులువుగా బిడ్డల నుంచి తల్లిదండ్రులకు ఎక్కదు. మన పెద్దలు దీన్ని లోకరీతి అని సరిపెట్టుకున్నారు. జీవశాస్త్రజ్ఞులు దీనికొక లెక్క చెబుతారు. ఆ లెక్క ఏమిటో, దానికి మనం ఎంతవరకు కట్టుబడాలో ఆలోచించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1859లోనే డార్విన్‌కు ఒక చిక్కు ఎదురయింది. సంతానాన్ని ఎక్కువగా నిలుపుకొన్న ప్రాణుల లక్షణాలే తరతరాలకూ సాగుతాయి గదా, మరి గొడ్డు చీమలు జీవితమంతా తోటి చీమల కోసం ఎందుకు చాకిరీ చేస్తాయి? 1964లో విలియం హామిల్టన్ అనే ఆంగ్ల యువకుడు దీనికి లెక్క కట్టాడు. మన జన్యువులు మన ఒంట్లోనే గాక రక్తసంబంధీకుల్లోనూ ఉంటాయి. తల్లికీ బిడ్డకూ సగం, తోబుట్టువులకు సగటున సగం, తాతా మనవలకు పావు, పినతల్లి బిడ్డలకు ఎనిమిదో వంతు. (మేనరికాలు జరిగిన కుటుంబాల్లో ఈ వంతులు ఇంకాస్త పెరుగుతాయి!) సాయం పొందినవారి లాభాన్ని ఈ వంతుతో హెచ్చవేస్తే, అది సాయం చేసినవారి నష్టాన్ని మించిందా, అలాంటి సాయబుద్ధి నిలుస్తుంది. ఇక్కడ లాభనష్టాలు కొలిచేది డబ్బుతో కాదు, సంతానంతో.

తల్లికి బిడ్డ సగమైతే బిడ్డకు తల్లీ సగమే గదా, ప్రేమ రెండు వైపులా ఒకేలా ఎందుకుండదని అడగవచ్చు. బిడ్డకు ఇంకా సంసారం ముందుంది. ముసలితల్లికి ఇక కాన్పులు లేవు. కాబట్టి ఆమెకు చేసిన సేవ ఈ లెక్కలో జమ పడదు. ఒక్క మినహాయింపు ఉంది. టాంజానియాలోని హడ్జా తెగలో ముసలి స్త్రీలు దుంపలు తవ్వి మనవలకు పెట్టడం క్రిస్టెన్ హాక్స్, ఆమె తోటివారు గమనించారు. ముట్లుడిగాక కూడా స్త్రీలు చాలాకాలం బతకడానికి ఇదే కారణమై ఉంటుందని వారి ఊహ. అంటే, మనవల పని చేసినంతకాలం అమ్మమ్మకు ఈ లెక్కలో విలువ ఉంది.

ఈ మాట మనకు కాస్త గుచ్చుకోవాలి. పురుటికి అమ్మను ఇంగ్లండుకు పిలిపించుకుంటాం. పథ్యం వండుతుంది, పసివాడికి నలుగుపెట్టి లాలపోస్తుంది. ఆరునెలల వీసా కాగానే విమానమెక్కిస్తాం. మళ్ళీ పిలుపు రెండో పురుటికే. 2012లో నిబంధనలు బిగించాక తల్లిదండ్రులను ఇక్కడే ఉంచుకోవడం బహు కష్టమైన మాట నిజమే. కాని నాన్నగారి కంటి ఆపరేషనుకు సెలవు పెట్టి వెళ్ళవద్దని ఏ నిబంధనా చెప్పలేదు.

"ప్రకృతే అలా చేసింది, మనమేం చేస్తాం?" అనేవారున్నారు. తీపి మీద యావ కూడా ప్రకృతి ఇచ్చిందే. అంతమాత్రాన మధుమేహ రోగిని మైసూర్‌పాకు తినమని మేము, అంటే వైద్యులం, చెప్పము. కారణం తెలియడం వేరు, అనుమతి దొరకడం వేరు. ఇక ప్రేమంతా జన్యువుల బూటకమే అనేవారిది రెండో పొరపాటు. ఆకలి పుట్టించే హార్మోన్ల పేర్లు తెలిసినంత మాత్రాన ఆవకాయ అన్నం రుచి తగ్గలేదు. ఏ తల్లీ వంతులు లెక్కవేసి పాలివ్వదు.

ప్రకృతి నడకను అనుకరించడం నీతి కాదనీ, దాన్ని ఎదిరించడమే నీతి అనీ డార్విన్ మిత్రుడు హక్స్‌లీ 1893లో ఆక్స్‌ఫర్డు ఉపన్యాసంలో వాదించాడు. దీనికి మనకు దగ్గరి ఉదాహరణ జె.బి.ఎస్. హాల్డేన్. ఇద్దరు అన్నదమ్ముల కోసమో, ఎనిమిదిమంది పినతల్లి బిడ్డల కోసమో అయితే ప్రాణమిస్తానని ఆయన హాస్యమాడాడని చెబుతారు. 1957లో, మనం వచ్చిన దారికి ఎదురుగా, లండను వదిలి కలకత్తా వెళ్ళాడు. భారత పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. అక్కడి విద్యార్థులు ఆయనకు ఎన్నో వంతు? వంతుల లెక్క తెలిసిన మనిషే ఆ లెక్కకు అందని పని చేశాడు.

బిడ్డలను కంటే పితృఋణం తీరుతుందని మన శాస్త్రాలన్నాయి. అదీ పల్లానికి పారే లెక్కే. బతికి ఉన్న అమ్మానాన్నల బాకీ దానితో తీరదు. నీరు పల్లానికి తనంతట పోతుంది. మెరకకు ఎక్కాలంటే ఎవరో ఒకరు ఏతం తొక్కాలి. మనవాళ్ళు ధర్మం అన్నది ఆ తొక్కుడునే అని మా అభిప్రాయం. సభ్యులు తమ అభిప్రాయాలు రాస్తే సంతోషిస్తాం. దానికన్నా ముందు, ఈ ఆదివారం ఇంటికి ఫోను చేయండి.